ఒక వేలు కదిలితే ఏ స్వరం మారింది?

ప్రశ్న: నాకు సంగీతంతో ఇంతకుముందు పరిచయం లేదు. ఒక సొప్రానో యుకులేలే (గిటార్‌లా ఉండే నాలుగు తీగల చిన్న వాద్యం) కొనుక్కుని, కార్డుల (కొన్ని స్వరాలు కలిసి మోగేలా తీగలను నొక్కే పట్ల) పటం ముందు పెట్టుకుని సొంతంగా సాధన చేస్తున్నాను. సి, ఎ మైనర్, ఎఫ్, జి, డి విడివిడిగా పట్టగలను. ఒకదాని నుంచి ఇంకోదానికి మారేసరికి పాట ఆగిపోతుంది. జి పట్టినప్పుడు ఒక తీగ గరగరలాడుతుంది. డి పట్టాలంటే నా వేళ్లు మరీ లావేమో అనిపిస్తుంది. గిటార్ వాయించే నా స్నేహితుడు ‘ముందు ఫ్రెట్‌బోర్డు (మెడ మీద తీగలు నొక్కే పలక) మీది స్వరాలన్నీ కంఠస్థం చేయి, కార్డులు తరువాత’ అంటున్నాడు. పటంలో చూస్తే పదుల కొద్దీ కార్డులున్నాయి. ఇ మేజర్ అయితే ఎంత ప్రయత్నించినా చేతికి రావడం లేదు. నేను ఏది ముందు నేర్చుకోవాలి?
- ఒక పాఠకురాలు

సమాధానం: మీ స్నేహితుడి మాటలో సగం నాకు పూర్తిగా సమ్మతమే. వేలు ఎక్కడ పెట్టాలో తెలిసి, అక్కడ మోగేది ఏ స్వరమో తెలియకపోతే ఎన్నాళ్లు వాయించినా పటం వైపు చూడక తప్పదు. కానీ ఆయన చెప్పిన వరుస మీకు పనికిరాదు. నాలుగు తీగల మీద పన్నెండేసి మెట్లు (మెడ మీది లోహపు పట్టీలు విడదీసే గడులు, ఫ్రెట్లు), అంటే 48 చోట్లు. వాటి పేర్లన్నీ బట్టీ పట్టేసరికి వాయించాలన్న కోరికే చల్లబడిపోతుంది.

కార్డులు, ఫ్రెట్‌బోర్డు రెండు వేర్వేరు పాఠాలు కావు. మీకు ఇప్పటికే చేతనైన సి, ఎ మైనర్, ఎఫ్, జి అనే నాలుగు పట్లనే తీసుకోండి. మొదటి మూడు మెట్ల లోపల, వట్టి (ఎక్కడా నొక్కని) తీగలతో కలిపి, షార్ప్‌లూ (ఒక మెట్టు పెంచినవి) ఫ్లాట్‌లూ (ఒక మెట్టు తగ్గించినవి) కాని స్వరాలుండే చోట్లు పదే. ఆ పదీ ఈ నాలుగు కార్డుల్లో ఎక్కడో ఒకచోట మోగుతూనే ఉన్నాయి. మీరు రోజూ వాటిని వాయిస్తున్నారు, పేర్లు మాత్రం అడగడం లేదు. వేలు కదిలినప్పుడల్లా ‘ఇప్పుడు ఏ స్వరం పోయింది, ఏ స్వరం వచ్చింది?’ అని అడగడం మొదలుపెట్టండి. ఫ్రెట్‌బోర్డు ఆ ప్రశ్నతోనే వస్తుంది.

ముందు శ్రుతి సంగతి. వాద్యాన్ని పట్టుకున్నప్పుడు మీ ముఖానికి దగ్గరగా ఉండేది నాలుగో తీగ, జి. ఆ తరువాత సి, ఇ, అన్నిటికంటే కింద ఎ. మామూలు శ్రుతిలో అన్నిటికంటే మంద్రంగా పలికేది నాలుగో తీగ కాదు, మూడోదైన సి. సెకనుకు కంపనాల లెక్కలో చెప్పాలంటే సి సుమారు 262, ఇ 330, జి 392, ఎ 440. యుకులేలేకు ఉన్న ఆ తేలికైన, గలగలలాడే గొంతుకు ఈ అమరికే చాలావరకు కారణం.

ట్యూనర్ (మోగే స్వరం పేరు చూపించే పరికరం) సాయంతో శ్రుతి చేసుకున్నా, తరువాత ఒకసారి చెవితో సరిచూసుకోండి. సి తీగను నాలుగో మెట్టు దగ్గర నొక్కితే ఇ పలకాలి, పక్కన ఉన్న వట్టి ఇ తీగతో అది కలవాలి. ఇ తీగ మీద మూడో మెట్టు వట్టి జి తీగతో, ఐదో మెట్టు వట్టి ఎ తీగతో కలవాలి. జి తీగ మీద రెండో మెట్టు కూడా అదే ఎ. ఇది రోజూ వాద్యం చేతిలోకి తీసుకోగానే చేయాల్సిన పని, అరనిమిషం పట్టదు. శ్రుతి సరిచూడటంతో పాటు, ఫ్రెట్‌బోర్డు మీద నాలుగు ముఖ్యమైన చోట్లు కష్టపడకుండానే మనసులో నిలుస్తాయి. తీగలు కొత్తవైతే కొన్ని రోజుల పాటు సాగుతూ శ్రుతి దిగిపోతుంటాయి. వాద్యంలో లోపం ఉందని బెంగ పడకండి, మళ్లీ మళ్లీ శ్రుతి చేస్తుంటే నిలదొక్కుకుంటాయి.

మెట్ల లెక్క చాలా చిన్నది. ఒక మెట్టు జరిగితే ఒక స్వరస్థానం, పన్నెండు మెట్లు జరిగితే అదే స్వరం పై స్థాయిలో. పన్నెండో మెట్టు తీగ పొడవులో సరిగ్గా సగం దగ్గర ఉండేది అందుకే. ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి అనే ఏడింటిలో బి-సి మధ్య, ఇ-ఎఫ్ మధ్య ఒక్క మెట్టే తేడా. మిగతా వాటి మధ్య రెండేసి మెట్లు. ఈ ఒక్క నియమం తెలిస్తే ఏ తీగ మీదైనా పేర్లు మీరే లెక్కపెట్టుకోగలరు. ఎ తీగను చూడండి: వట్టి తీగ ఎ, రెండో మెట్టు బి, మూడోది సి, ఐదోది డి, ఏడోది ఇ, ఎనిమిదోది ఎఫ్, పదోది జి, పన్నెండు దగ్గర మళ్లీ ఎ. చాలా యుకులేలేల మెడ మీద 5, 7, 10, 12 మెట్ల దగ్గర చుక్కలుంటాయి కాబట్టి ఈ తీగ మీద డి, ఇ, జి, ఎ ఎక్కడున్నాయో చుక్కలే చూపిస్తాయి.

మొదట ఈ ఒక్క తీగ చాలు. దాంతో పాటు సి స్కేలు, అంటే మనం సరిగమపదనిస అని పాడుకునే శంకరాభరణం వరుస, మూడు మెట్ల లోపలే వాయించవచ్చు: సి తీగ మీద వట్టిది, రెండో మెట్టు. ఇ తీగ మీద వట్టిది, ఒకటి, మూడు. ఎ తీగ మీద వట్టిది, రెండు, మూడు. వాయిస్తూ స్వరం పేరు పైకి పలకండి. పలకడం ముఖ్యం, మనసులో అనుకుంటే సరిపోదు.

ఇక కార్డుల దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన భాగం ఇదే.

ఎ మైనర్ పట్టండి. మధ్యవేలు నాలుగో తీగ రెండో మెట్టు మీద, మిగతావన్నీ వట్టివి. తీగలను పై నుంచి ఒక్కొక్కటిగా మీటితే ఎ, సి, ఇ, ఎ వినిపిస్తాయి. మధ్యవేలు కదపకుండా చూపుడువేలిని ఇ తీగ మొదటి మెట్టు మీద పెట్టండి. ఇ పోయి ఎఫ్ వచ్చింది. ఇప్పుడు మోగేది ఎ, సి, ఎఫ్, ఎ, అంటే ఎఫ్ మేజర్. ఆ రెండు వేళ్లూ అలాగే ఉంచి ఉంగరంవేలిని సి తీగ రెండో మెట్టు మీద పెట్టండి. సి పోయి డి వచ్చింది, కార్డు డి మైనర్ అయింది. పటంలో ఇవి మూడు వేర్వేరు బొమ్మలు. చేతిలో మాత్రం ఒకే పట్టు, ఒక్కో వేలు చేరుతూ పోయింది. ఒక్కో వేలికి ఒక్క స్వరమే మారింది.

ఇంకో అడుగు వేయండి. డి మైనర్‌లో ఉన్న ఎఫ్‌ను ఒక మెట్టు పెంచి ఎఫ్ షార్ప్ చేస్తే అది డి మేజర్. అలాగే ఎ మైనర్‌లో వట్టిగా మోగే సి తీగను మొదటి మెట్టు దగ్గర నొక్కితే సి షార్ప్ అయి ఎ మేజర్ వస్తుంది. మైనర్‌కూ మేజర్‌కూ మధ్య ఉన్న తేడా అంతా ఆ ఒక్క మెట్టే. ఒకసారి మెల్లగా మార్చి మార్చి వినండి. ఆ దిగులు, ఆ వెలుగు ఏ తీగలోంచి వస్తున్నాయో చెవికి తెలిసిపోతుంది. పటాన్ని ఎన్నాళ్లు చూసినా ఈ సంగతి తెలియదు. కార్డును బొమ్మగా కాక స్వరాలుగా చూడమని ఇంతగా చెబుతున్నది ఇందుకే.

పాట ఆగిపోవడానికి మందు కూడా ఇక్కడే ఉంది. చాలామంది కార్డు మారేటప్పుడు వేళ్లన్నీ ఎత్తేసి, కొత్త పట్టును గాలిలో మొదటి నుంచి కట్టుకుంటారు. మీరూ అదే చేస్తున్నారని అనుకుంటున్నాను. దానికి బదులు ‘ఏ వేలు కదలనక్కర్లేదు?’ అని ముందు చూడండి. సి, ఎ మైనర్, ఎఫ్, జి7 (జి కార్డుకు ఎఫ్ స్వరం చేరినది) అనే వరుసలో ఇది ఎంత బాగా పనిచేస్తుందో గమనించండి. సి అంటే ఉంగరంవేలు ఎ తీగ మూడో మెట్టు మీద. ఆ వేలు లేస్తూ ఉండగానే మధ్యవేలు జి తీగ మీదికి దిగితే ఎ మైనర్. మధ్యవేలు ఉండగా చూపుడువేలు చేరితే ఎఫ్. ఎఫ్ నుంచి జి7కి వెళ్లేటప్పుడు చూపుడువేలు ఇ తీగ మొదటి మెట్టు మీదే ఉంటుంది, మధ్యవేలు అదే రెండో మెట్టులో జి తీగ నుంచి సి తీగకు జరుగుతుంది, ఉంగరంవేలు ఎ తీగ రెండో మెట్టు మీద దిగుతుంది. చివరికి జి7 నుంచి సికి వచ్చేటప్పుడు ఆ ఉంగరంవేలే ఒక మెట్టు ముందుకు జారుతుంది, మిగతా రెండూ లేస్తాయి. ఆ జారడంలో బి వెళ్లి సిలో కలిసింది. పాట ఇంటికి చేరినట్టు అనిపించే మలుపు అదే.

ఈ నాలుగింటితో కొన్ని వారాలు గడపండి. నిమిషానికి 60 దెబ్బల వేగంతో మెట్రోనోమ్ (సమానంగా దెబ్బలు వినిపించే తాళయంత్రం) పెట్టుకుని, ఒక్కో కార్డుకు నాలుగు దెబ్బలు, అన్నీ కిందికి మీటుతూ. ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి, దీని విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను: కుడిచేయి ఆగకూడదు. ఎడమచేతి వేళ్లు ఇంకా చేరకపోయినా మీటు పడాల్సిందే. నాలుగో దెబ్బ మీద తీగలు వట్టిగా మోగినా ఫర్వాలేదు, జి-సి-ఇ-ఎ కలిసి మోగితే వినసొంపుగానే ఉంటుంది. మొదటి దెబ్బకు కొత్త కార్డు సిద్ధంగా ఉంటే చాలు. ఎడమచేయి కుడిచేతి కోసం పరిగెత్తడం నేర్చుకుంటుంది. కుడిచేయి ఆగి ఎదురుచూస్తే ఎడమచేయి ఎప్పటికీ తొందరపడదు. 60 మరీ కష్టంగా ఉంటే 50కి దించండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. మీటే చోటు కూడా గమనించండి. చూపుడువేలి గోటితో, మెడ పెట్టెతో కలిసే చోటు దగ్గర మీటితే సొప్రానోలో నాదం నిండుగా వస్తుంది.

జి పట్టినప్పుడు వచ్చే గరగర గురించి. పట్టు అలాగే ఉంచి ఒక్కో తీగను విడిగా మీటండి, ఏది సరిగా మోగడం లేదో ముందు తెలియాలి. జిలో చూపుడువేలు సి తీగ రెండో మెట్టు మీద, మధ్యవేలు ఎ తీగ రెండో మెట్టు మీద, ఉంగరంవేలు ఇ తీగ మూడో మెట్టు మీద ఉండాలి. గరగరమనేది ఇ తీగ అయితే ఉంగరంవేలు మెట్టుకు దూరంగా ఉందేమో చూడండి. వేలు లోహపు పట్టీకి కాస్త వెనుకనే, దాన్ని ఆనుకున్నంత దగ్గరగా ఉండాలి. రెండు పట్టీల మధ్యలో నొక్కితే ఎక్కువ బలం కావాలి. పక్క తీగ మూగబోతే మాత్రం వేలు పడుకుని దాన్ని తాకుతోందన్నమాట. వేళ్లను నిలువుగా, కొనలతో నొక్కండి. బొటనవేలు మెడ వెనుక తేలిగ్గా ఆని ఉండాలి, పిడికిలితో మెడను పట్టుకోకూడదు. అవసరానికి మించి నొక్కినా, తీగను పక్కకు లాగినా స్వరం శ్రుతి మించి పలుకుతుంది. కాబట్టి బలం పెంచేముందు చోటు సరిచేయండి.

వాద్యంలోనే లోపం ఉండే అవకాశం ఒకటుంది. మెడ చివర తీగలు ఆనుకుని ఉండే పట్టీని నట్ అంటారు. దాని మీద తీగలు కూర్చునే గాడులు సరిపడినంత లోతు లేకపోతే తీగలు ఎత్తుగా ఉండి, మొదటి మెట్టు దగ్గర నొక్కడం కష్టమవుతుంది, స్వరం కూడా పెరిగి పలుకుతుంది. ఇ తీగ మొదటి మెట్టు నొక్కి ట్యూనర్‌లో చూడండి. వట్టి తీగ సరిగ్గా ఇ చూపిస్తూ, ఇది ఎఫ్ కంటే గణనీయంగా ఎక్కువ చూపిస్తే తప్పు మీ వేలిది కాదు. వాద్యాలు బాగుచేసేవారు ఆ గాడులను కొద్దిగా లోతు చేస్తే సరిపోతుంది. ఆ పని మాత్రం మీరు ఇంట్లో చేయకండి, ఎక్కువ అరిగితే పట్టీయే మార్చాల్సి వస్తుంది.

వేళ్లు లావన్న మాట నేను ఒప్పుకోను. సొప్రానోలో నట్ నుంచి బ్రిడ్జ్ (పెట్టె మీద తీగలు ఆనే చోటు) దాకా తీగ పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. మొదటి మెట్టు వెడల్పు రెండు సెంటీమీటర్ల లోపే, పైకి పోయేకొద్దీ ఇంకా ఇరుకు. డి కోసం ఒకే మెట్టులో మూడు వేళ్లు పక్కపక్కనే పెట్టడం సన్నటి వేళ్లవారికీ ఇబ్బందే. చేతిని కొద్దిగా ఏటవాలుగా తిప్పి, వేళ్లు ఒకే గీత మీద కాకుండా ఒకదానికంటే ఒకటి కాస్త వెనుకగా దిగేలా చూడండి. అప్పటికీ కుదరకపోతే మధ్యవేలితో జి, సి తీగలు రెండూ కలిపి నొక్కి, ఉంగరంవేలిని ఇ తీగకు వాడండి. ఎ తీగ వట్టిగా మోగుతున్నంత వరకు ఏ వేళ్లతో పట్టినా అది డియే. ఎంతకీ ఇరుకనిపిస్తే తరువాతెప్పుడైనా కాన్సర్ట్ పరిమాణం, అంటే సుమారు 38 సెంటీమీటర్ల తీగ ఉన్నది, చేతిలోకి తీసుకుని చూడండి. శ్రుతి అదే, పట్లూ అవే. వేలికొనల నొప్పి మాత్రం కొద్ది వారాల్లో తగ్గుతుంది. రోజుకు పావుగంట వాయించండి, నొప్పి పుడితే ఆపేయండి. వారానికోసారి గంటల తరబడి వాయించడం కంటే అది ఎంతో మేలు.

మీ స్నేహితుడి సాయాన్ని వదులుకోకండి. 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి హవాయికి వలస వెళ్లినవారు తమతో తీసుకెళ్లిన చిన్న తీగవాద్యాల నుంచి యుకులేలే రూపుదిద్దుకుంది. గిటార్‌కు అది దగ్గర చుట్టమే. గిటార్ మీద కింది వైపున్న నాలుగు తీగలను ఐదో మెట్టు దగ్గర నొక్కితే వచ్చేవి మన నాలుగు తీగల పేర్లే, నాలుగో తీగ మాత్రం మనకు ఒక స్థాయి పైన ఉంటుంది. అందుకే ఆయన డి అని పట్టే ఆకారం మీ చేతిలో జి అవుతుంది. ఆయన వేళ్లను చూసి అనుకరించవద్దు, ఆయనను కార్డు పేరు చెప్పమని అడగండి. ఆయన గిటార్ మీద సాధారణంగా తొమ్మిదో మెట్టు దగ్గర చుక్క ఉంటుంది, మీ దాని మీద పదో మెట్టు దగ్గర. ఇద్దరూ కలిసి వాయించేటప్పుడు ఇది మరిచిపోతే గందరగోళమే.

పటంలోని పదుల కొద్దీ కార్డుల్ని చూసి బెదరనక్కర్లేదు. వాటిలో చాలావరకు కొన్ని పట్లే జరిగిన రూపాలు. ఎ మేజర్ పట్టును మొత్తంగా ఒక మెట్టు ముందుకు జరిపి, వట్టిగా మోగిన ఇ, ఎ తీగల్ని మొదటి మెట్టు దగ్గర చూపుడువేలితో అడ్డంగా నొక్కితే అది బి ఫ్లాట్. ఇంకో మెట్టు జరిపితే బి. దీన్ని బారె అంటారు. అది ఇప్పుడే అవసరం లేదు, వేళ్లకు బలం వచ్చాక చూసుకోవచ్చు. కానీ ‘జరిగితే పేరు మారుతుంది, ఆకారం మారదు’ అన్న సంగతి ఇప్పుడే తెలిస్తే పటం సగానికి సగం చిన్నదైపోతుంది. దాన్ని మడిచి పక్కన పెట్టి, పాటకు కావలసిన కార్డును మాత్రమే తీసి చూడండి.

ఇక ఇ మేజర్. మీరొక్కరే కాదు, యుకులేలే నేర్చుకునేవారు చాలామంది దాని దగ్గర ఆగుతారు. జి, సి, ఇ తీగలు మూడూ నాలుగో మెట్టు దగ్గర, ఎ తీగ రెండో మెట్టు దగ్గర నొక్కాలి. దాన్ని కొంతకాలం పక్కన పెట్టండి. ఎ స్కేలులో ఉన్న పాటల్లో ఇ మేజర్ వచ్చే చోట చాలాసార్లు ఇ7 చక్కగా అతుకుతుంది: చూపుడువేలు జి తీగ మొదటి మెట్టు, మధ్యవేలు సి తీగ రెండో మెట్టు, ఉంగరంవేలు ఎ తీగ రెండో మెట్టు, ఇ తీగ వట్టిది. మోగేవి జి షార్ప్, డి, ఇ, బి. దీని నుంచి ఎ మేజర్‌కు వెళ్లండి. జి తీగ మీద జి షార్ప్ ఒక మెట్టు ఎక్కి ఎ అవుతుంది, సి తీగ మీద డి ఒక మెట్టు దిగి సి షార్ప్ అవుతుంది. చూపుడువేలూ మధ్యవేలూ తీగలు మార్చుకుంటాయి, ఉంగరంవేలు లేస్తుంది. ఎ, డి, ఇ7 మూడింటితో మీకు ఇష్టమైన ఒక పాట తీసుకుని ఈ మార్పునే పదేపదే వాయించండి. ఇ మేజర్‌ను ఆ తరువాత, మెడ మీద చేయి తేలిగ్గా తిరగడం మొదలయ్యాక, మళ్లీ పట్టి చూడండి.